టైపు చేయడానికి బదులు చెప్పి రాయించడం: తెలుగులో పుస్తకమంత పని దీనితో సాగుతుందా?

ప్రశ్న: విశ్రాంత తెలుగు ఉపన్యాసకురాలు, తిరుపతి

అందరికీ నమస్కారం. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించీ, చుట్టుపక్కల పల్లెల్లో జరిగే గంగజాతర్ల గురించీ ఒక పుస్తకం రాస్తున్నాను. చాటింపు మొదలుకొని విశ్వరూప దర్శనం దాకా జరిగే తంతు, బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండల వేషాల వెనుక ఉన్న కథ, మొక్కు తీర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు నాతో పంచుకొన్న అనుభవాలు ఇందులో ఉంటాయి. సగానికి పైగా రాయవలసినది మిగిలే ఉంది. ఇన్నాళ్ళూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద నేనే టైపు చేసుకుంటూ వచ్చాను. కొన్ని నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిపూట తిమ్మిరెక్కి నిద్ర లేపుతున్నాయి. పరీక్ష చేసిన డాక్టరుగారు మణికట్టు దగ్గర నరం నలుగుతోందని చెప్పి, పడుకొనేటప్పుడు కట్టుకోవడానికి పట్టీ ఇచ్చి, టైపింగు వీలైనంత తగ్గించమన్నారు. పుస్తకం ఆపుకోవడం నాకు ఇష్టం లేదు. చెబుతుంటే కూర్చొని రాసే మనిషిని రోజూ పెట్టుకొనే స్తోమతూ లేదు.

అందువల్ల వాయిస్ టైపింగు వైపు చూస్తున్నాను. ఫోనులో బంధువులకు సందేశాలు పంపడానికి అది బాగానే పనికివస్తోంది. "రేపు పొద్దున బస్సుకు బయలుదేరుతున్నాము" వంటి వాక్యంలో దాదాపు తప్పే ఉండదు. పుస్తకానికి వచ్చేసరికి మాత్రం చిక్కులు మొదలయ్యాయి. "బండవేషం, తోటివేషం, దొరవేషం వరుసగా వస్తాయి" అని నేను చెబితే తెర మీద "బండ వేషంతోటి వేషం దొర వేషం వరుస గా వస్తాయి" అని పడింది. కామా లేదు, పూర్ణవిరామం లేదు, ఒకచోట అతకరాని మాట అతికింది, మరొకచోట విడదీయరాని మాట విడిపోయింది. నేను నిదానించి ఒక్కొక్క మాటనూ విడివిడిగా పలికినప్పుడు తప్పులు తగ్గకపోగా పెరిగినట్లు అనిపించింది. దీనికి కారణమేమిటో తెలిసినవాళ్ళు చెప్పగలరు.

ఇంతకంటే పెద్ద సందేహం మరొకటి ఉంది. పల్లెల్లో పెద్దవాళ్ళతో మాట్లాడినప్పుడు ఫోనులో రికార్డు చేసుకొన్నవి చాలా ఉన్నాయి. వాటిలో ఒక అవ్వ, "మా యమ్మ కాలంలో ఇట్లా ఉండ్లేదమ్మా, వాకిట్లోనే పొంగిలి పెడతా ఉంటిమి" అంటుంది. ఆ రికార్డును పైకి వినిపించి వాయిస్ టైపింగుకు పట్టిస్తే "మా అమ్మ కాలంలో ఇలా ఉండలేదు అమ్మ వాకిట్లో నే పొంగలి పెడుతూ ఉంటే మీ" అని వచ్చింది. ఆమె మాట పోయి, ఎవరిదో పత్రికలో చదివినట్లుండే మాట వచ్చింది. నా పుస్తకానికి ప్రాణం ఆ అవ్వల మాటల్లోనే ఉంది కనుక ఈ విషయంలో నాకు చాలా ఆందోళనగా ఉంది.

చెప్పి రాయించడం అలవాటైనవాళ్ళు, ముఖ్యంగా తెలుగులో పొడుగాటి రచనలు ఈ పద్ధతిలో చేస్తున్నవాళ్ళు దయచేసి మీ అనుభవం తెలియజేయండి. చేత్తో రాస్తూ ఆలోచించడానికి అలవాటుపడిన మనసు నోటితో చెబుతూ ఆలోచించగలుగుతుందా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

జవాబు: దస్తావేజు లేఖరి, చిత్తూరు

మేడమ్‌గారికి నమస్కారం. నేను చిత్తూరులో దస్తావేజులు రాసే వృత్తిలో ఉన్నాను. క్రయపత్రాలు, భాగపరిష్కార పత్రాలు, వీలునామాలు రోజూ తెలుగులో తయారు చేయవలసి ఉంటుంది కనుక వాయిస్ టైపింగును తీరిక వేళ సరదాగా కాకుండా జీవనోపాధి పనిలోనే వాడుతున్నాను. మీ పుస్తకం పని దీనితో తప్పకుండా సాగుతుంది. అయితే చెప్పడం ఒక పని, దిద్దడం మరొక పని అని రెండుగా విడగొట్టుకోవాలి. రెండూ ఒకేసారి చేయబోతే రెండూ చెడతాయి.

నేను వాడేది కంప్యూటరులో క్రోమ్ బ్రౌజరు, అందులో గూగుల్ డాక్స్. టూల్స్ అనే మెనూలో వాయిస్ టైపింగ్ ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్ మీటలు కలిపి నొక్కినా తెరుచుకుంటుంది. ఎడమ పక్కన మైకు బొమ్మ వస్తుంది, దాని పైనున్న జాబితాలో తెలుగును ఎంచుకొని మైకును నొక్కి మాట్లాడడం మొదలుపెట్టాలి. మధ్యలో వేరే కిటికీలోకి వెళితే అది వినడం ఆపేస్తుంది కాబట్టి ఆధారంగా చూసుకోవలసిన కాగితాలను ముందే పక్కన పెట్టుకోవడం మంచిది.

విరామచిహ్నాల సంగతి. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను వంటి కొన్ని భాషలలో మాత్రమే డాక్స్ మనం పలికిన కామాను, ఫుల్‌స్టాపును గుర్తుగా మారుస్తుంది. తెలుగుకు ఆ సదుపాయం లేదు, పలికితే ఆ మాటనే అక్షరాలలో రాసిపెడుతుంది. నేను దీన్నే ఉపయోగంలోకి తెచ్చుకొన్నాను. వాక్యం ముగిసినచోట "ఫుల్‌స్టాప్" అనీ, ఆగవలసినచోట "కామా" అనీ పలుకుతూ పోతాను. అంతా అయ్యాక కంట్రోల్, హెచ్ నొక్కి, ఆ మాట తెర మీద ఏ రూపంలో పడుతోందో ముందున్న ఖాళీతో సహా అదే రూపాన్ని వెతికించి, దాని స్థానంలో గుర్తును పెట్టిస్తాను. పేరా మారవలసినచోట మీ రచనలో ఇంకెక్కడా రాని మాట ఒకటి ఎంచుకొని అదే పలకండి. ఎప్పుడు పలికినా ఒకే అక్షరక్రమంలో పడే మాట కావాలి, ఎంచుకొనే ముందు నాలుగైదు సార్లు పలికి చూడండి. మీ వేషాల పేర్లను కూడా ఇలాగే దిద్దుకోవచ్చు. "తోటివేషం" ప్రతిసారీ చెడుతుంటే దాని బదులు నోటికి సులువైన, పుస్తకానికి సంబంధం లేని ఒక ఊరిపేరు పలికి, చివరలో ఒక్క దెబ్బతో అన్నిచోట్లా మార్చేయండి.

మైకు గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే తప్పుల్లో చాలా భాగం అక్కడే పుడుతుంది. ల్యాప్‌టాపులో ఉండే మైకు మన గొంతుతో పాటు తలమీద తిరిగే ఫ్యానునూ, వీధిలో పోయే ఆటోనూ వింటుంది. తలకు తగిలించుకొనే హెడ్‌సెట్ కొనండి. దాని మైకు నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకు రెండు వేళ్ళ ఎడంగా ఉండాలి. ఎదురుగా ఉంటే ప, బ, ఫ పలికినప్పుడు వచ్చే ఊపిరి మైకుకు కొట్టి మాట చెదురుతుంది. మన ఎండలకు ఫ్యాను లేకుండా కూర్చోమని చెప్పలేను గానీ, గాలి సూటిగా మైకు మీదికి రాకుండా కుర్చీ తిప్పుకొంటే తేడా మీకే తెలుస్తుంది.

హెడ్‌సెట్ దొరికేదాకా మరో దారి ఉంది. ఒకే డాక్స్ ఫైలును కంప్యూటరులోనూ ఫోనులోనూ తెరిచి, ఫోనులో జీబోర్డు (గూగుల్ వారి కీబోర్డు) మైకు నొక్కి చెప్పండి. ఫోను నోటి దగ్గర ఉంటుంది, అక్షరాలు కంప్యూటరు తెర మీద కూడా పడుతూ ఉంటాయి. పేరా ముగిశాక పెద్ద తెర మీద దిద్దుకోవచ్చు.

చెప్పేటప్పుడు తెర చూడకండి. అక్షరాలు పడడం, మారడం చూస్తుంటే మన ఆలోచన ఆగిపోతుంది. నేను కిటికీ వైపు తిరిగి, చెప్పవలసినదాన్ని క్లుప్తంగా రాసుకొన్న చీటీ చేతిలో పట్టుకొని చెబుతాను. నోటితో చెబుతూ ఆలోచించగలమా అని అడిగారు. పాఠం చెప్పినవారికి ఆ సందేహం అక్కరలేదని నా అభిప్రాయం. ఎదురుగా విద్యార్థులు ఉన్నారనుకొని వాక్యాన్ని మనసులో చివరిదాకా కూర్చుకొన్నాక పెదవి విప్పండి. మొదట్లో వాక్యాలు పొట్టిగా వస్తాయి, అలవాటైనకొద్దీ పొడుగువి కూడా తడబడకుండా వస్తాయి.

దిద్దడం మాత్రం అదే రోజు చేసుకోవాలి. టైపింగులో దొర్లే తప్పు చూడగానే తప్పుగా కనబడుతుంది. వాయిస్ టైపింగులో పడే తప్పు చక్కని తెలుగు మాటగానే ఉంటుంది, మనం అన్న మాట మాత్రం అది కాదు. మనం ఏమన్నామో గుర్తున్నప్పుడు అది కంటికి దొరుకుతుంది. వారం పోయాక చదివితే సరిగానే ఉందనిపించి దాటిపోతాం.

అంకెలను నేను ఎన్నడూ నోటితో రాయించను. సర్వే నంబరు, ఎకరా సెంట్లు, చెక్కుబందీలో గజాలు చేత్తోనే కొడతాను. ఒక్క అంకె మారితే ఒకరి భూమి మరొకరి పేరున పడుతుంది. మీ పుస్తకంలో సంవత్సరాలను, శాసనాల సంఖ్యలను అలాగే చూసుకోండి. దస్తావేజులోని పార్టీల, అంటే రాసి ఇచ్చేవారి, రాయించుకొనేవారి పేర్లు, ఆధార్ నంబర్లు కూడా చెప్పను. మనం పలికినది గుర్తించడానికి ఇంటర్నెట్టు ద్వారా ఆ కంపెనీ యంత్రాలకు చేరుతుంది కాబట్టి ఇతరుల సొంత విషయాలను అందులో పలకడం నా వృత్తికి తగదు.

జవాబు: స్పీచ్ ఇంజినీరు, శ్రీకాళహస్తి (ప్రస్తుతం చెన్నైలో ఉద్యోగం)

లేఖరిగారు చెప్పిన ప్రతి మాటా ఆచరణయోగ్యమైనదే. ఒక్కొక్క మాటను విడదీసి పలికితే తప్పులు ఎందుకు పెరిగాయని మేడమ్‌గారు అడిగినదానికి నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే నేను పనిచేసేది ఈ రంగంలోనే.

ఈ విద్యకు మన జిల్లాతో దగ్గరి సంబంధం ఉంది, అది చెబితే మీ ప్రశ్నకు జవాబు కూడా దానిలోనే వస్తుంది. యంత్రానికి మాటను గుర్తుపట్టడం నేర్పిన తొలితరం శాస్త్రజ్ఞులలో ముఖ్యుడైన రాజ్ రెడ్డిగారు నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో పుట్టారు. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొంది, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అక్కడ హియర్సే, హార్పీ వంటి వ్యవస్థలను తన బృందంతో తయారు చేయించారు. 1976 నాటి హార్పీ 1,011 ఇంగ్లీషు మాటలను గుర్తుపట్టగలిగేది. అప్పటికి అదే ఘనకార్యం. 1994లో రాజ్ రెడ్డిగారికి కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. ఆయన దగ్గర పరిశోధన చేసిన జేమ్స్ బేకర్, జేమ్స్ భార్య జానెట్ బేకర్ కలిసి 1982లో డ్రాగన్ సిస్టమ్స్ అనే సంస్థను స్థాపించారు. చెప్పి రాయించే సాఫ్ట్‌వేర్ అనగానే ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ తలచుకొనే డ్రాగన్ అదే.

1990లో వచ్చిన డ్రాగన్ డిక్టేట్‌కు మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి చెప్పవలసి వచ్చేది. ఆగకుండా మామూలుగా మాట్లాడితే రాసుకొనే నాచురల్లీ స్పీకింగ్ 1997లో వచ్చింది. ఆగి ఆగి చెప్పడమే మంచిదన్న నమ్మకం ఆ పాత కాలంనాటిది. ఇప్పటి వ్యవస్థలన్నీ పారే మాట మీదనే శిక్షణ పొందాయి. అవి ఒక్క శబ్దాన్ని విని నిర్ణయానికి రావు, ముందు వెనుక వచ్చే మాటలను కూడా చూసి ఇది ఫలానా మాట అయి ఉంటుందని తేల్చుకుంటాయి. తెర మీద పడిన మాట రెండు క్షణాల తరువాత తనంతట తానే మారడం మీరు చూసే ఉంటారు. వెనుక వచ్చిన మాటను బట్టి ముందరి మాటను అది సవరించుకుంటున్నదన్నమాట. విడివిడిగా పలికితే ఆ ఆధారం తెగిపోతుంది. అందువల్ల కనీసం ఒక పూర్తి పదబంధాన్ని, వీలైతే వాక్యం మొత్తాన్ని, మామూలు వేగంతో ఒకే ఊపులో చెప్పండి. ఆగవలసి వస్తే కామా పడే చోట ఆగండి.

ఇదే కారణంవల్ల "తోటివేషం" చెడుతోంది. పత్రికలలో, వెబ్‌సైట్లలో "తోటి" అనే మాట "వాళ్ళతోటి", "తోటివాళ్ళు" అన్న రూపాలలో లక్షలసార్లు వచ్చి ఉంటుంది, తోటివేషం ఎప్పుడో జాతర వార్తల్లో తప్ప రాదు. యంత్రం ఎక్కువ పరిచయమున్న వైపే మొగ్గుతుంది. పేరుకు ముందు ఒక మాట చేర్చి "తోటి అనే వేషం" అంటూ చెప్పినా కొంత మెరుగుపడవచ్చు. లేఖరిగారు చెప్పిన ఊరిపేరు ఉపాయం మరింత గట్టిది.

మాటలు విడిపోవడం వేరే సమస్య. హార్పీకి ఉన్నట్లు తెలుగుకు వెయ్యి మాటల జాబితా, లేదా లక్ష మాటల జాబితా ఇచ్చినా చాలదు. "చెప్పు" అన్న ఒక్క క్రియ "చెప్పినవాళ్ళందరికీ", "చెప్పించుకోలేకపోయామని" అంటూ సాగుతూనే ఉంటుంది. ఆ రూపాలన్నిటినీ జాబితాలో పెట్టడం సాధ్యం కాదు కనుక, ఇప్పటి పద్ధతిలో మాటలను చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఆ ముక్కలను కూర్చుకుంటూ పోతారు. ఎక్కడ ఖాళీ వదలాలి అన్నది అప్పుడు ఊహ మీద ఆధారపడుతుంది. ఆ ఊహకు ఆధారమైన తెలుగు పాఠమంతా మనం రాసినదే. అందులో "చేసుకున్నాడు" ఒకచోట కలిసీ, మరొకచోట విడిపోయీ ఉంటుంది. కనుక ఖాళీల దిద్దుబాటు మీకు తప్పదు. మీ రచనలో తరచుగా వచ్చే రూపాలు "కున్న", "కుంటారు", "పోయి" వంటివి పదో పదిహేనో ఉంటాయి. వాటి ముందు ఖాళీని వెతికించి, ఒక్కొక్కటి చూస్తూ తీసేయండి. కంటితో చూడకుండా అన్నిటినీ ఒకేసారి మార్చవద్దు, "పోయి" నిజంగానే విడిగా ఉండవలసిన చోట్లు కూడా ఉంటాయి.

డ్రాగన్ కొనుక్కోమని మీకెవరైనా సలహా ఇస్తే వినవద్దు, అందులో తెలుగు లేదు. గూగుల్ 2017లో బెంగాలీ, తమిళం, కన్నడం వంటి భాషలతో పాటు తెలుగుకు ఈ సదుపాయం తెచ్చింది. ఇప్పటికీ ఎక్కువమంది చేతిలో ఉన్నది అదే.

ఇక మీ రికార్డుల గురించి నేను గట్టిగా చెప్పదలచుకొన్నాను. ఆ అవ్వల మాటలను ఏ యంత్రానికీ అప్పగించకండి. శిక్షణకు వాడే తెలుగులో పత్రికల భాష, చదువుకొన్నవాళ్ళ భాష ఎక్కువ, మన సీమ పలుకు తక్కువ. "ఉండ్లేదు" అన్నది వినబడినప్పుడు యంత్రం దాన్ని తప్పుగా పలికిన "ఉండలేదు"గా భావించి సరిచేస్తుంది. సరిగా వినబడక జరిగే తప్పు కాదది, యంత్రం తయారీలోనే ఉన్న మొగ్గు. ఇంకొక ప్రమాదం కూడా ఉంది. ఓపెన్ ఏఐ సంస్థ 2022లో ఉచితంగా విడుదల చేసిన విస్పర్ అనే వ్యవస్థను సొంత కంప్యూటరులోనే నడుపుకోవచ్చు, రికార్డు ఫైలును నేరుగా ఇవ్వవచ్చు. అందులో తెలుగు ఉంది. మద్రాసు ఐఐటీలోని ఏఐ ఫర్ భారత్ బృందం భారతీయ భాషల కోసం ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చిన మోడళ్ళు కూడా ఉచితంగా దొరుకుతాయి. మాట బయటికి పోకూడదనుకొనేవారికి ఇవి మంచివే. కానీ విస్పర్ వంటి వ్యవస్థలు నిశ్శబ్దం ఉన్నచోట, గోల ఉన్నచోట, ఎవరూ అనని వాక్యాలను కల్పించి రాయడం జరుగుతుంది. డప్పుల మోత మధ్య తీసిన జాతర రికార్డులో అలాంటి కల్పన ఒకటి దూరితే, పదేళ్ళ తరువాత చదివే పరిశోధకుడు దాన్ని అవ్వ అన్న మాటగానే తీసుకుంటాడు.

ఏ రికార్డులో ఏ విషయం ఉందో వెతుక్కోవడానికి, అంటే ఒక విషయసూచికలాగా, ఆ యంత్రలేఖనాన్ని ఉంచుకోండి. పుస్తకంలోకి ఎక్కించవలసిన మాటలను మాత్రం రికార్డు విని చేత్తో రాయండి. ఆ భాగాలు పుస్తకం మొత్తంలో తక్కువే ఉంటాయి కనుక మీ చేయి ఓర్చుకుంటుందని అనుకుంటాను. అవ్వ చెప్పినదాని సారాంశాన్ని మీ మాటల్లో రాసే చోట్లలో, చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకొని కొంచెం కొంచెం వింటూ, వెంటనే మీ గొంతుతో మైకుకు తిరిగి చెప్పండి. రికార్డును నేరుగా మైకుకు వినిపించడం కంటే ఇది ఎంతో మెరుగు. విదేశాలలో టీవీ వార్తలకు అప్పటికప్పుడు కింద అక్షరాలు వేసేవాళ్ళు చాలామంది చేసే పని ఇదే. అమెరికాలో కొందరు కోర్టు లేఖరులు కూడా నోటికి ఒక తొడుగు పెట్టుకొని, వాదనలను వింటూ అందులోకి తిరిగి పలుకుతూ రాయిస్తారు.

జవాబు: ఫిజియోథెరపిస్టు, తిరుపతి

మేడమ్‌గారూ, మీరు చెప్పిన లక్షణాలకు మీ డాక్టరుగారు చెప్పినట్లే పట్టీ కట్టుకోవడం కొనసాగించండి. మణికట్టు వంగకుండా తిన్నగా ఉంచడమే దాని పని. తిమ్మిరి పగలు కూడా ఉంటున్నా, పట్టుకొన్న వస్తువు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో కండ పలచబడినట్లు కనిపించినా ఆలస్యం చేయకుండా మళ్ళీ చూపించుకోండి. నరం ఎంతవరకు దెబ్బతిన్నదో నర్వ్ కండక్షన్ పరీక్షలో తెలుస్తుంది.

ఈ చర్చలో ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటి ఉంది. వాయిస్ టైపింగుకు మారినవాళ్ళు కీబోర్డు తగ్గించి మౌసు పెంచుతారు. తప్పు ఉన్న ప్రతిచోటికీ మౌసుతో వెళ్ళడం, పట్టి లాగడం, నొక్కడం జరుగుతుంది. అదే మణికట్టు, అదే చేయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో టైపింగు మానేసినా నొప్పి తగ్గలేదని చెప్పేవాళ్ళను ఆరా తీస్తే చాలాసార్లు ఇదే బయటపడుతుంది. మౌసును ఎడమచేతికి మార్చుకోండి. బాణం మీటలతో పాటు కంట్రోల్ పట్టుకొంటే మాట మాటకూ గెంతవచ్చు. తప్పుగా పడిన వాక్యాన్ని అక్షరం అక్షరం దిద్దడం కంటే మొత్తం ఎంచుకొని మళ్ళీ చెప్పడం చేతికి మేలు.

గొంతు సంగతి కూడా అంతే ముఖ్యం. ఆగి ఆగి, నొక్కి నొక్కి చెప్పవలసి వచ్చిన పాత సాఫ్ట్‌వేర్లు వాడిన రోజుల్లో చేతులు బాగుపడి గొంతులు దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు. మీరు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి ఉంటారు, కాబట్టి గొంతు ఇప్పటికే శ్రమపడి ఉంటుంది. పక్కనున్న మనిషితో మాట్లాడే స్థాయి చాలు, గొంతు పెంచవద్దు, గుసగుసగా కూడా చెప్పవద్దు. నీళ్ళు దగ్గర పెట్టుకొని గుక్క గుక్క తాగుతూ ఉండండి. అరగంటకు ఒకసారి లేచి కాసేపు మౌనంగా ఉండండి. గొంతు బొంగురు మూడు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. మౌసు గురించి చదివిన వెంటనే దాన్ని ఎడమ వైపుకు మార్చాను. హెడ్‌సెట్‌కు చెప్పాను, వచ్చేలోగా ఫోనుతో ప్రయత్నించి చూశాను. వాక్యం మొత్తాన్ని మనసులో కూర్చుకొని ఒకే ఊపులో చెప్పినప్పుడు ఫలితం నిజంగానే వేరుగా ఉంది. మాతంగి వేషం గురించిన ఒక పేరా దాదాపు నేను చెప్పినట్లే పడింది, ఖాళీలు మాత్రం దిద్దుకొన్నాను.

ఇంజినీరుగారు రికార్డుల గురించి చెప్పినది నా మనసులో ఉన్న భయాన్నే తేటగా చెప్పింది. నా వాక్యాలు యంత్రం రాసి పెడితే నాకు అభ్యంతరం లేదు, తప్పు పడితే దిద్దుకోవడానికి నేను ఉన్నాను. ఆ అవ్వల్లో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ళు అనని మాట వాళ్ళ పేరున పడితే కాదని చెప్పడానికి ఎవరూ మిగలలేదు. అందుకని వాళ్ళ మాటలను రికార్డు విని, కాగితం మీద పెన్సిలుతో, రోజుకు కొద్దికొద్దిగా రాసుకొంటాను. డాక్టరుగారిని అడిగితే తెరపి ఇస్తూ పెన్సిలు పట్టుకోవచ్చన్నారు. టైపు చేసి పెట్టడానికి మా మేనకోడలు ఒప్పుకొంది, తను ఇక్కడే పుట్టి పెరిగింది కనుక "ఉంటిమి"ని "ఉన్నాము" చేయదు.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. మా ప్రెస్సువారు అను ఫాంట్లలో పేజీలు కడతారు. వాయిస్ టైపింగులో తయారైన ఫైలు వాళ్ళకు పనికివస్తుందా?

జవాబు: డీటీపీ ఆపరేటరు, చిత్తూరు

నేరుగా పనికిరాదు, మేడమ్. డాక్స్‌లో పడేది యూనికోడ్ తెలుగు, అంటే ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే అక్షరాలు; అను ఫాంట్ల అక్షర సంకేతాలు వేరు. పేజీలు కట్టే పేజ్‌మేకరు సాఫ్ట్‌వేరులో అను ఫాంట్లు వాడే ప్రెస్సులో దాన్ని అలాగే అతికిస్తే అక్షరాలు రావు. యూనికోడ్ నుంచి అనుకు మార్చే కన్వర్టరు వాళ్ళ దగ్గర ఉండే ఉంటుంది. మార్చాక క్ష, జ్ఞ, రెండు వత్తులు కలిసిన చోట్లు, కొమ్ముతో వచ్చే వత్తులు తప్పకుండా చూసుకోవాలి. మీ దిద్దుబాటంతా యూనికోడ్ ఫైలులోనే ముగించి ఇవ్వండి. మార్చిన తరువాత ప్రెస్సులో ఒకటి, మీ దగ్గర ఒకటి దిద్దడం మొదలైతే ఏది అసలు ప్రతో ఎవరికీ తెలియకుండా పోతుంది.

వీలైతే ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ ఫాంటుతోనే పేజీలు కట్టమని అడగండి. అందులో వరల్డ్ రెడీ కంపోజరును ఎంచుకొంటే తెలుగు వత్తులు సరిగా కూర్చుంటాయి. నోటో సెరిఫ్ తెలుగు, మండలి వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అప్పుడు కన్వర్టరు అవసరమే ఉండదు.

వాయిస్ టైపింగు ఫైళ్ళలో నాకు ఎక్కువగా కనబడే తప్పు మరొకటి ఉంది. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లో పొల్లు నిలవదు. "సాఫ్ట్‌వేర్" వంటి మాటలో ట వత్తుతో పాటు వ కూడా వత్తుగా అతుక్కుపోతుంది. కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి మధ్యలో ఉంటేనే పొల్లు పొల్లుగా నిలుస్తుంది, దాన్ని వాయిస్ టైపింగు పెట్టకపోవడమే దీనికి కారణం. మీ పుస్తకంలో అలాంటి మాటలు తక్కువే ఉంటాయి కనుక ఒక జాబితా రాసుకొని చివరలో మార్చుకోవచ్చు.

పుస్తకం మొత్తం అయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే ఒక అధ్యాయాన్ని, అవ్వల మాటలు ఎక్కువగా ఉన్నదాన్నే, ప్రెస్సుకు పంపి నాలుగు పేజీలు నమూనాగా తీయించుకోండి.